కొండ చేజారిన ఊళ్లు

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటి, ఈనిక మీదున్న వరిని నేలపాలు చేసి పోయింది. ఉత్తర హిందూ మహాసముద్రపు తుపానులకు పెట్టే పేర్ల పట్టికలో మొంథా తరవాతి పేరు సెన్యార్. నెల తిరిగేసరికి ఆ పేరు కూడా వాడాల్సి వచ్చింది. అయితే సెన్యార్ పుట్టింది బంగాళాఖాతంలో కాదు, మలక్కా జలసంధిలో. భూమధ్యరేఖకు అంత దగ్గరగా తుపాను కట్టడం చాలా అరుదు. నవంబర్ ఆఖరి వారంలో అది సుమత్రా దీవి మీద కుమ్మరించిన వానకు ఇండొనేసియాలోని అచే, ఉత్తర సుమత్రా, పశ్చిమ సుమత్రా ప్రావిన్సుల్లో కలిపి వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. అదే వారం దిత్వా తుపాను శ్రీలంకను ముంచింది. మన పత్రికలు, చానళ్లు సహజంగానే దిత్వా వెంట పోయాయి. సుమత్రా వార్త నాలుగు రోజుల్లో వెనక పేజీలకు చేరి కనుమరుగైంది.

కనుమరుగు కాకూడని వార్త అది. వరద తీశాక అచేలోని ఊళ్లలో కనిపించింది నీళ్లు, బురద మాత్రమే కాదు. వేల సంఖ్యలో చెట్ల దుంగలు. తమియాంగ్ జిల్లాలో ఒక మత పాఠశాల ఆవరణ మొత్తం దుంగలతో నిండిపోయిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. ఊరి మీద కొండ ఉంది, కొండ మీద అడవి ఉంది, ఆ అడవి ఊళ్లోకి వచ్చి పడింది. వంతెనలు కొట్టుకుపోయి గాయో పీఠభూమిలోని ఊళ్లు రోజుల తరబడి లోకంతో తెగిపోయాయి. సాయం చాలడం లేదని, దీన్ని జాతీయ విపత్తుగా ప్రకటించాలని అడుగుతూ డిసెంబరులో జనం దారుల పక్కన తెల్లజెండాలు పాతారు. మూడు దశాబ్దాలు తుపాకులకు లొంగని నేల మీద ఆ జెండాలు ఎగరడం చిన్న విషయం కాదు.

ఆ ఊళ్లకు మళ్లీ ఇళ్లు వస్తాయి. రోడ్లు, వంతెనలు వస్తాయి. కొంత ఆలస్యంగానైనా డబ్బూ వస్తుంది. ఊరి మీది కొండ మాత్రం ఊరి చేతికి రాదు. ఈ సంగతిని ఎవరూ పట్టించుకోకపోతే మళ్లీ కట్టే ప్రతి ఇల్లూ తరవాతి వరద దారిలో కట్టిన ఇల్లే అవుతుంది. రాబోయే ప్రమాదం అది.

అచే పేరు మన పాఠకుల చెవిన పడేది రెండు సందర్భాల్లోనే. ఒకటి 2004 డిసెంబర్ 26 సునామీ. రెండోది, షరియా చట్టం కింద బహిరంగంగా కొరడా దెబ్బలు కొట్టారన్న వార్త. ఈ రెండింటి నడుమ యాభై లక్షల పైచిలుకు మనుషులు ఎలా బతుకుతున్నారో మనకు తెలియదు. ఒకప్పుడు ఇంత ఎడం లేదు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల కాలాన మచిలీపట్నం ఓడలు నూలు బట్టలు, రంగుల అద్దకాలు వేసుకుని అచే రేవుకు పోయేవి. మిరియాలు, తగరం వేసుకుని తిరిగొచ్చేవి. మన తీరపు సాలెలకు, అద్దకం పనివాళ్లకు అచే సుల్తానుల రాజధాని పేరెరిగిన ఊరు. సునామీ నాడు ఆ తీరాన్ని మింగిన అలే రెండున్నర గంటల్లో మన కోస్తాకూ వచ్చి, ఇక్కడ వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. సముద్రం మనల్ని కలుపుతూనే ఉంది, మనమే మరిచిపోయాం.

అచేలో పల్లెను గంపోంగ్ అంటారు. ఆరున్నర వేల గంపోంగ్‌లు ఉన్నాయి. సగటున చూస్తే ఒక్కో ఊళ్లో ఎనిమిది వందల జనాభా. మన లెక్కలో చిన్న పల్లెలే. కొబ్బరి, పోక, అరటి చెట్ల నీడలో ఇళ్లు, వాటిని ఆనుకుని వరి పొలాలు, పొలాల అవతల తోటలు, తోటల పైన కొండ. ఊరి నడుమ మెనాసా అనే సామూహిక మందిరం. నమాజు చేసేదీ, పిల్లలు ఖురాన్ చదివేదీ, తగవులు తీర్చేదీ, చావుపుట్టుకలకు జనం కూడేదీ అక్కడే. ఊరికి పెద్ద కెచిక్, ఆయన పక్కన మెనాసా ఇమాము, సలహాకు పెద్దల సభ. చిన్నాచితకా తగాదాలు పోలీసు స్టేషను దాకా పోకముందు ఊళ్లోనే తేల్చుకోవాలని 2008 నాటి ప్రావిన్సు చట్టం చెబుతుంది. గట్టు తగాదా, ఇంటి గొడవ, పొలంలో పడ్డ పశువు, చిన్న దొంగతనం వంటి పద్దెనిమిది రకాలను అది పేరు పెట్టి మరీ ఊరికి వదిలింది.

అక్కడితో ఆగితే అది చాలా దేశాల్లో కనిపించే పల్లెకథే. అచే ఊరి గొప్పతనం మరోచోట ఉంది. ఊరు బతికే ప్రతి వనరుకూ అక్కడ ఒక పెద్ద ఉంటాడు. వరి పొలాల నీటికి కెజ్రున్ బ్లాంగ్. తెలంగాణ చెరువుల కింద నీరటి ఏం చేసేవాడో దాదాపు అదే ఆయన పని, అధికారం మాత్రం కొంచెం ఎక్కువ. కాలువ పూడిక ఎప్పుడు తీయాలి, మొదటి తడి ఎవరికి, నారు ఎప్పుడు పోయాలి అన్నవి ఆయన చెప్పాలి. దుక్కికి ముందు ఆయకట్టు రైతులందరూ కలిసి పొలం దగ్గర వంట చేసి, ప్రార్థన చేసి, అక్కడే కూర్చుని భోజనం చేస్తారు. ఆ విందు కాకుండా ఎవరూ నాగలి కట్టరు. అందరూ ఒకేసారి నాటితేనే నీరు అందరికీ సరిపోతుంది, పురుగు ఒక్కరి మడి మీదే పడదు. మనం కార్తెలు చూసినట్టే వాళ్లు చంద్రుడు వృశ్చిక రాశిని కలిసే రోజులను లెక్కగట్టి సాగు నెలలు నిర్ణయించేవాళ్లు. సముద్రానికి పంగ్లిమా లావోట్ ఉన్నాడు. శుక్రవారం నమాజు అయ్యేదాకా పడవ కదలకూడదన్నది ఆయన అమలు చేసే కట్టడి. సునామీ తరవాత ఏటా డిసెంబర్ 26 కూడా వేట మానే రోజుల్లో చేరింది. కట్టు తప్పిన పడవ పట్టిన చేపలు జప్తు, కొన్ని రోజులు వేట బంద్. సంతకు ఒక పెద్ద, తోటలకు ఒక పెద్ద, కొండ అడవికి పావాంగ్ గ్లె అనే పెద్ద.

ఇవన్నీ ఒక్క ఊరి పరిధిలో ఒదిగేవి కావు. వాగు ఒక ఊళ్లో పుట్టి ఇంకో ఊళ్లో పారి మరో ఊళ్లో సముద్రంలో కలుస్తుంది. అందుకే కొన్ని గంపోంగ్‌లు కలిస్తే ఒక ముకీమ్. శుక్రవారం ఒకే మసీదులో కూడే ఊళ్ల సమూహంగా మొదలైన ఈ వ్యవస్థ సుల్తానుల కాలం నాటిది. కొండ నుంచి వాగు, వాగు నుంచి పొలం, పొలం నుంచి సముద్రం దాకా ఉన్న నేలంతా చాలాచోట్ల ఒకే ముకీమ్ కిందికి వచ్చేది. ఇవాళ నిపుణులు నదీ పరివాహక ప్రాంత యాజమాన్యం అంటూ పెద్ద పెద్ద నివేదికల్లో రాసేదాన్ని ఆ ఊళ్లవాళ్లు నాలుగు వందల ఏళ్ల కిందటే ఆచరణలో పెట్టారు.

దాన్ని చెడగొట్టింది ఒకరు కాదు. 1979లో సుహార్తో ప్రభుత్వం దేశమంతటా పల్లెలన్నీ జావా పద్ధతిలో ఒకే మూసలో ఉండాలని చట్టం తెచ్చింది. ముకీమ్‌కు చట్టంలో చోటు లేకుండా పోయింది. అంతకు ముందే అడవి మొత్తం ప్రభుత్వానిదన్నారు. కలప కంపెనీలకు లక్షల హెక్టార్లు రాసిచ్చారు. 1970ల మొదట్లో ఉత్తర అచేలోని అరున్‌లో సహజ వాయువు బయటపడింది. 1978 నుంచి 2014 దాకా ఓడలకు ఓడలు ద్రవ వాయువు విదేశాలకు పోయింది. గొట్టాలు పోయిన దారిలోని ఊళ్లు మాత్రం పేదవిగానే మిగిలాయి. 1976లో హసన్ ది తీరో నాయకత్వంలో మొదలైన స్వతంత్ర అచే ఉద్యమానికి ఆ కోపం కూడా ఒక ఇంధనం. తరవాతి ముప్పై ఏళ్ల కథ ఇక్కడ విప్పబోవడం లేదు. సైన్యానికీ తిరుగుబాటుదారులకూ మధ్య ఊళ్లు నలిగాయి, పదిహేను వేల మంది దాకా చనిపోయారన్నది తరచుగా వినిపించే అంచనా. మనకు సంబంధించిన ముక్క ఒక్కటే: ఆ కాలమంతా కొండ ఊరివాళ్లకు నిషిద్ధ ప్రాంతమైంది. తోటకు పోతే సైనికులు అనుమానించేవాళ్లు, పోకపోతే తోట పాడయ్యేది. కొండ దారులు తెలిసిన పెద్దల వెంట నడిచి ఆ తెలివి నేర్చుకోవాల్సిన ఒక తరం నేర్చుకోకుండానే పెరిగింది.

2005 ఆగస్టు 15న హెల్సింకీలో ఒప్పందం కుదిరింది. సునామీలో లక్షా డెబ్భై వేల మంది చనిపోయిన, గల్లంతైన నేల మీద తుపాకులు దించడం రెండు పక్షాలూ చేసిన మంచి పని. అయితే శాంతి కొండను ఊరికి తిరిగివ్వలేదు, రంపాలకు తలుపు తీసింది. సునామీ పునర్నిర్మాణంలో సుమారు లక్షా నలభై వేల ఇళ్లు కట్టారు. అన్ని ఇళ్లకు కలప కావాలి. చట్టబద్ధంగా దొరికే కలప చాలలేదు. తీరాన్ని నిలబెట్టడానికి కొండను నరకడం మొదలైంది. 2006 డిసెంబరులో తమియాంగ్ జిల్లాలో భారీ వరద వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది. ఆ మరుసటి ఏడాది, తిరుగుబాటు ఉద్యమం నుంచి వచ్చి గవర్నర్‌గా ఎన్నికైన ఇర్వాండి యూసుఫ్ అడవి నరకడం మీద నిషేధం ప్రకటించారు. సరైన నిర్ణయం. కానీ అదే గవర్నర్ 2011లో త్రీపా పీట్ చిత్తడి అడవిలో 1,605 హెక్టార్లు పామాయిల్ తోటకోసం కల్లిస్టా ఆలం అనే కంపెనీకి అనుమతిచ్చారు. మరుసటి ఏడాది అక్కడ మంటలు రేగాయి. 2014లో కోర్టు ఆ కంపెనీని దోషిగా తేల్చి 36,600 కోట్ల ఇండొనేసియా రుపయాలు కట్టాలంది. తీర్పు అమలుకు ఏళ్లూ పూళ్లూ పట్టాయి. కాలిన చిత్తడి నేల తిరిగి రావడం మన జీవితకాలంలో జరిగే పని కాదు.

తమియాంగ్‌లో పందొమ్మిదేళ్ల తరవాత మళ్లీ అదే జరిగింది. అందుకే ఈ వరదను కేవలం దైవఘటనగా చూడటానికి మనసొప్పదు. అలాగని నిజాన్ని కుదించి చెప్పడం కూడా తప్పే. ఆ వారం పడినంత వాన పడితే చెక్కుచెదరని అడవి ఉన్న కొండ కూడా కొన్నిచోట్ల జారుతుంది, నిలబడి ఉన్న చెట్లు కూడా వేళ్లతో సహా కొట్టుకొస్తాయి. దుంగల్లో ఎన్ని రంపపు కోత పడ్డవి, ఎన్ని వరదే పెకలించినవి అన్న వాదన ఇంకా నడుస్తోంది. ఆ వాదన ఎలా తేలినా ఒక మాట మారదు. అడవి పోయిన వాలు మీద వాన ఇంకదు, ఒక్కసారిగా దిగుతుంది. దారిలో మట్టిని వెంటేసుకుని దిగుతుంది. పొలాల మీద పేరుకున్న ఇసుక మేటలు ఆ కొండల మట్టే. మేట తీయకుండా నాగలి సాగదు. తీయాలంటే యంత్రాలు కావాలి, యంత్రాలకు డబ్బు కావాలి. తీసిన మట్టి ఎక్కడ పోయాలో కూడా చెప్పాలి. కాలువ ఆనవాళ్లే పోయినచోట కెజ్రున్ ఏ నీటిని పంచాలి?

కొండను నరికింది కంపెనీలే అని తేల్చేస్తే మనకు సుఖంగా ఉంటుంది. నిజం అంత సూటిగా లేదు. పామాయిల్ మొక్క చిన్న రైతు చేతిలోనూ ఉంది. వరి వేస్తే నెలలు ఎదురుచూడాలి, ఎరువుల దుకాణంలో అప్పు చేయాలి. పామాయిల్ గెల పదిహేను రోజులకొకసారి డబ్బు తెస్తుంది. పిల్లల చదువు, రంజాను ముందు ఇంటికి మాంసం తేవాల్సిన మెగాంగ్ పండగ, కూతురి పెళ్లి ముందున్న మనిషి ఆ మొక్క నాటితే తప్పుపట్టలేం. పిడీ జిల్లా గెంపాంగ్ కొండల్లో, పశ్చిమ అచే వాగుల్లో బంగారం కోసం తవ్వుతున్నవాళ్లలో ఊరి కుర్రాళ్లు ఉన్నారు. ఆ తవ్వకాల్లో వాడే పాదరసం వాగులోకి, వాగు నుంచి చేపలోకి, చేప నుంచి అమ్మ కడుపులోని బిడ్డలోకి చేరుతుందని వాళ్లకు తెలియక కాదు. వేరే పని లేక. అడవి తరిగే కొద్దీ ఏనుగులు తోటల్లోకి దిగుతున్నాయి, ఏనుగూ చస్తోంది, మనిషీ చస్తున్నాడు. ఏనుగు, పులి, ఖడ్గమృగం, ఒరాంగుటాన్ నాలుగూ ఒకేచోట బతికే అడవి ఈ భూమి మీద లూసర్ ఒక్కటే. 26 లక్షల హెక్టార్ల ఆ ప్రాంతం ఎక్కువ భాగం అచేలోనే ఉంది. దాని అంచుల్లో బతికే పేద రైతును అడవి శత్రువుగా చూపించి, లోపల గీత గీసి కంపెనీకి ఇచ్చే పద్ధతి అన్యాయం.

ఆ పేదరికం గురించి ఒక్క మాట. అచేకు డబ్బు రాలేదనడానికి లేదు. శాంతి ఒప్పందం తరవాతి చట్టం ప్రకారం 2008 నుంచి పదిహేనేళ్లు జాతీయ సాధారణ నిధిలో రెండు శాతానికి సమానమైన ప్రత్యేక స్వయంప్రతిపత్తి నిధి వచ్చింది. 2023 నుంచి అది ఒక శాతానికి తగ్గింది. 2015 నుంచి దేశంలోని ప్రతి పల్లెకూ నేరుగా పల్లె నిధి వస్తోంది. అచేలో ఒక్కో ఊరి వాటా సగటున మన రూపాయల్లో నలభై లక్షల దరిదాపుల్లో ఉంటూ వచ్చింది. అయినా సుమత్రా దీవి మొత్తంలో పేదలు అత్యధిక శాతంలో ఉన్న ప్రావిన్సుగా అచే పేరు ఏటా వస్తూనే ఉంది, ఇటీవలి లెక్కల్లో 12 శాతం పైచిలుకు. 2022 జాతీయ సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు అక్కడ 31 శాతం తేలారు. ఊళ్లలో సిమెంటు దారులు పడ్డాయి, మురుగు కాల్వలు పడ్డాయి, మెనాసాలకు కొత్త గుమ్మటాలు లేచాయి. పల్లె నిధితో ఊరు తన పొలిమేర లోపల ఏమైనా కట్టుకోవచ్చు. పొలిమేర పైన ఏం జరగాలో చెప్పే హక్కు ఆ నిధి వెంట రాలేదు.

ఇక ఇప్పుడు కట్టబోయే ఇళ్ల సంగతి. అచే పాతకాలపు ఇల్లు నేల మీద ఉండదు. మనిషి ఎత్తుకు పైనే లేచిన స్తంభాల మీద ఉంటుంది. ఇనుప మేకు వాడకుండా చెక్క చీలలు కొట్టి, తాళ్లు కట్టి నిలబెడతారు. పైన సాగో ఆకుల కప్పు, కింద ఖాళీ జాగాలో ధాన్యం దంచే రోలు, పిల్లల ఆటలు, మధ్యాహ్నపు నీడ. వరద వస్తే నీరు కింది నుంచి పోతుంది. భూకంపం వస్తే ఇల్లు ఊగి నిలబడుతుంది. అలాంటి ఇంటికి ఇవాళ కలప దొరకదు, దొరికినా సామాన్యుడు కొనలేడు. అందువల్ల నేలమట్టపు సిమెంటు ఇళ్లు వచ్చాయి. సునామీ తరవాత వచ్చినవీ అవే, ఇప్పుడు రాబోయేవీ దాదాపు అవే. వరద మైదానంలో నేలకు ఆనించి కట్టే ఇల్లు ఎవరి మేలు కోసం? కాంక్రీటు స్తంభాల మీద లేపినా సరే, కింద నీటికి దారి వదలాలన్న పాత బుద్ధిని కొత్త నమూనాలో పెట్టడానికి అయ్యే అదనపు ఖర్చు, మరోసారి కట్టడానికయ్యే ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

ఆ ఇల్లు ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. అచే బెసార్, పిడీ ప్రాంతాల్లో ఇల్లు ఆడవాళ్లది. కూతురికి పెళ్లయితే తల్లిదండ్రులు ఇల్లు, వీలుంటే కొంత పొలం ఆమెకు ఇస్తారు. అల్లుడు వచ్చి ఆ ఇంట్లో ఉంటాడు. మగవాళ్లు వ్యాపారానికో పనికో దూరాలు పోయి వస్తుంటారు, ఇంటిని, ఊరిని నిలబెట్టేది ఆడవాళ్లు. వాళ్లను ముస్లిం సమాజపు మూస బొమ్మల్లో చూడటానికి అలవాటు పడ్డ మన కళ్లకు ఇది వింతగా తోచవచ్చు. విపత్తు సాయం పట్టికల్లో మాత్రం కుటుంబ పెద్ద అన్న గడిలో మగవాడి పేరు రాస్తారు. వందల ఏళ్లుగా ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తి ఒక దరఖాస్తు ఫారంతో చేతులు మారిపోగలదు. సునామీలో ఆడవాళ్లే ఎక్కువగా చనిపోయారు. అచే బెసార్‌లోని కొన్ని ఊళ్లలో బతికి బయటపడ్డవాళ్లలో వాళ్లు మూడో వంతు కూడా లేరని ఆక్స్‌ఫామ్ 2005లో లెక్కతీసింది. పిల్లల్ని వెతుకుతూ, ముసలివాళ్లను లేపుతూ ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్లు ఎక్కువ. ఈసారి ఇల్లు వాళ్ల పేరునే రాయాలి.

ఊరి మాట వింటే ఏమవుతుందో చెప్పే రుజువు అచేలోనే ఉంది. సునామీ పుట్టిన చోటికి అతి దగ్గరగా ఉన్న సిమెలూ దీవిలో డెబ్భై వేలకు పైగా జనాభా ఉంటే అలకు చనిపోయింది ఏడుగురే. 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని ఆ దీవివాళ్లు పాటగా, కథగా పిల్లలకు చెబుతూ వచ్చారు. నేల గట్టిగా కదిలి సముద్రం వెనక్కి పోతే కొండెక్కమని ఆ పాట చెప్పింది. ఎవరూ సైరను మోగించకముందే ఊళ్లన్నీ కొండెక్కాయి. కొండ అక్కడ ప్రాణం కాపాడింది. మిగతా అచేలో అదే కొండ ఇప్పుడు ఊళ్ల మీద పడుతోంది.

దారి లేదా అంటే, సన్నగా ఉంది. 2013లో ఇండొనేసియా రాజ్యాంగ న్యాయస్థానం సంప్రదాయ అడవులు ప్రభుత్వ అడవులు కావని తీర్పు చెప్పింది. పదేళ్ల తరవాత, 2023లో బీరూన్, పిడీ, అచే జయ జిల్లాల్లోని ఎనిమిది ముకీమ్‌లకు కలిపి ఇరవై రెండు వేల హెక్టార్ల పైచిలుకు అడవి మీద హక్కు గుర్తించారు. అచేలో ఎనిమిది వందల చిల్లర ముకీమ్‌లు ఉన్నాయి. ఈ నడకన పోతే ఎంత కాలం పడుతుందో లెక్క కష్టం కాదు. గాయో కొండల్లో దామరన్ బారు అనే ఊరి మీద 2015లో బురద వరద పడింది. ఆ తరవాత ఊరి ఆడవాళ్లే ముందుకొచ్చి 251 హెక్టార్ల ఊరి అడవిని చూసుకునే అనుమతి 2019లో సాధించారు. వంతులు వేసుకుని అడవిలో తిరిగి, నరికే గుర్తులు కనిపిస్తే నమోదు చేస్తారు, మొక్కలు నాటుతారు. 251 హెక్టార్లు చాలా చిన్న ముక్క. కాని నరికితే తమ ఇంటి మీదే పడుతుందని తెలిసినవాళ్ల కాపలాకు సాటి వచ్చే కాపలా లేదు.

వరద తరవాత కొన్ని కంపెనీల అనుమతులు రద్దు చేస్తున్నట్టు జకార్తా ప్రకటించింది. మంచిదే. కాని రద్దయిన భూమి ఎవరి దగ్గరికి పోతుంది? మళ్లీ ప్రభుత్వ ఖాతాలోకే. రెండేళ్లకో అయిదేళ్లకో, గోల సద్దుమణిగాక, కొత్త పేరుతో కొత్త కంపెనీ రావడానికి అడ్డేమీ లేదు. త్రీపా కథ అదే చెబుతోంది, నిషేధం పెట్టిన చేయే నాలుగేళ్లలో అనుమతి మీద సంతకం చేసింది. రద్దు చేసిన ప్రతి హెక్టారు కింది ఊళ్ల ముకీమ్ పేరు మీద నమోదైతేనే ఆ రద్దుకు విలువ.

మనం వేలు పెట్టాల్సిన చోటు కూడా ఒకటుంది. ప్రపంచంలో పామాయిల్ అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం మనది. అమ్మేవాళ్లలో ముందున్నది ఇండొనేసియా. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గరి శుద్ధి కర్మాగారాల నుంచి అది మన వంటింటికి, బజ్జీల బండికి, బిస్కెట్ పొట్లానికి వస్తోంది. ఏ చుక్క ఏ కొండదో కొనేవాడికి తెలియదు, తెలుసుకోవాలన్నా చెప్పేవాళ్లు లేరు. ముడినూనె ఏ తోటల నుంచి వచ్చిందో దిగుమతి పత్రాల్లో చూపాలని మన ప్రభుత్వం అడగగలదు. ఐరోపా అందుకు చట్టం చేసింది. అతిపెద్ద కొనుగోలుదారు అడిగితే ఆ మాటకు వచ్చే బరువు వేరు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆయిల్‌పామ్ సాగును ఉద్యమంగా పెంచుతున్న కాలం ఇది. ఇక్కడ పంట సాగునేలల్లో పెరుగుతోంది, అడవి నరికి కాదు. అయినా ఒకే పంట చుట్టూ ఊళ్లు తిరగడం మొదలైతే నీటిపెద్ద మాట ఎవరూ వినని రోజు ఎలా వస్తుందో అచే చూపిస్తోంది. మన వ్యవసాయ శాఖలు ఆ అనుభవాన్ని చదవాలి.

ప్రస్తుత చట్టం ప్రకారం అచే ప్రత్యేక నిధి 2027తో ముగుస్తుంది. దాన్ని పొడిగించాలని, 2006 నాటి అచే పాలనా చట్టాన్ని సవరించాలని జకార్తా పార్లమెంటులో చర్చ నడుస్తోంది. ప్రావిన్సు రాజధాని బందా అచేలోని నాయకులు అడుగుతున్నది ప్రధానంగా శాతం గురించి: ఒకటా, రెండా, రెండున్నరా అని. శాతం కావాల్సిందే. దానికి మించి ఆ సవరణలో ముకీమ్‌కు కొండ మీద, వాగు మీద స్పష్టమైన హక్కు రాయాలి. ముకీమ్ ఒప్పుకోకుండా ఎగువన తోటకో గనికో అనుమతి చెల్లదని రాయాలి. సరిహద్దులు కొలిచే ఖర్చు ఊళ్ల మీద వేయకుండా ప్రత్యేక నిధి నుంచే ఇవ్వాలని రాయాలి. ముకీమ్ పొలిమేరలకు పటాలు చాలాచోట్ల లేవు. ఫలానా వాగు మలుపు, ఫలానా చెట్టు, ఫలానా రాయి అని పెద్దలు నోటితో చెప్పే గుర్తులే. నవంబరు వరద ఎన్నో వాగుల దారి మార్చింది, చెట్లను పెకలించింది. పాత దారులు ఎరిగిన పెద్దలు అయిదారేళ్లలో ఉండరు. కొలతలు 2027 బడ్జెట్ కోసం ఆగకుండా ఈ ఏడే, మేటలు తీసే పనితోపాటే, వాళ్లను వెంట తీసుకుని మొదలుపెట్టాలి.